పట్టేసిన పిన్ను

జనవరి నెల. తెల్లారడానికి ఇంకా గంట ఉంది. షికాగోకు నైరుతిన జోలియెట్ దాటాక, ఇంటర్‌స్టేట్ 80 పక్కన ఒక ట్రక్ స్టాప్. 53 అడుగుల ట్రైలర్ పక్కన మా పెదనాన్నగారబ్బాయి ఒంగి నిలబడి ఉన్నాడు. వెనక చక్రాలకు కాస్త ముందు, డ్రైవరు వైపు, చట్రం కింద నుంచి ఒక ఇనుప పిడి బయటికి వచ్చి ఉంటుంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఒక కాలు ఎదురు తన్ని లాగుతున్నాడు. పిడి అంగుళం వస్తుంది, ఆగిపోతుంది. నేను టార్చి పట్టుకుని చూస్తున్నాను. నాలుగోసారి లాగి వదిలేసి చేతులు చంకల్లో దోపుకున్నాడు.

“లాగితే రాదురా ఇది. తెలిసి కూడా లాగుతున్నా చూడు.”

ఎనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషి. తణుకు పక్క పల్లెటూరు మాది. పెదనాన్నకి పది టైర్ల లారీ ఉండేది. వేసవి సెలవులన్నీ అన్నయ్య క్లీనర్ సీట్లోనే గడిపేవాడు. ఇప్పుడు అమెరికాలో సొంత ట్రాక్టరు పెట్టుకుని ఒక కంపెనీ కింద లోడ్లు తోలుతున్నాడు. ఇక్కడ ట్రాక్టరంటే పొలం దున్నేది కాదు, ముందుండే ఇంజను బండి. వెనక తగిలించే పెద్ద పెట్టె ట్రైలరు. ట్రాక్టరు అన్నయ్యది, ట్రైలరు కంపెనీది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, దీనితో తరవాత పని ఉంది.

ట్రైలర్లో ఉన్నది గడ్డకట్టిన రొయ్య. అట్టపెట్టెల మీద ‘ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా’ అని అచ్చు. ఇండియా నుంచి ఎగుమతయ్యే రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దే. మా జిల్లా చెరువుల్లో పెరిగిన వనామీ రకం రొయ్య ఓడెక్కి వచ్చి, కోల్డ్ స్టోరేజీ చేరి, అక్కడి నుంచి ఇలాంటి ట్రైలర్లలో ఊరూరికీ వెళ్తుంది. ఈ లోడు డెన్వర్ వెళ్లాలి. వెళ్లాలంటే ముందు ఆ పిడి బయటికి రావాలి.

అన్నయ్య చేతిలో కాటా చీటీ ఉంది. ఇక్కడి ట్రక్ స్టాపుల కాటాలకు మూడు పలకలుంటాయి. స్టీరింగు ఇరుసు మొదటి పలక మీద, ట్రాక్టరు వెనక ఉండే జంట ఇరుసు రెండో దాని మీద, ట్రైలరు జంట ఇరుసు మూడో దాని మీద నిలుస్తాయి. చీటీలో వరసగా 11,900, 35,100, 30,600. మొత్తం 77,600 పౌండ్లు. మొత్తంతో పేచీ లేదు. చట్టం 80,000 పౌండ్ల దాకా, అంటే 36 టన్నుల పైచిలుకు దాకా ఒప్పుకుంటుంది. పేచీ మధ్య అంకెతో. జంట ఇరుసు మీద 34,000 పౌండ్లు దాటకూడదు. 1,100 పౌండ్లు, అంటే సుమారు అర టన్ను ఎక్కువుంది.

దీనికోసం పెట్టెలు దించి సర్దనక్కర్లేదు. ఇద్దరు మనుషులు కర్రకి బస్తా కట్టి మోస్తున్నారనుకోండి. వెనకవాడు బస్తాకి దగ్గరగా జరిగితే వాడి భుజం మీద బరువు పెరుగుతుంది, ముందువాడికి తేలికవుతుంది. ట్రైలరు ఇరుసులూ అంతే. వాటిని ముందుకి జరిపితే ట్రాక్టరు మీది బరువు వాటి మీదికి వస్తుంది. వెనక్కి జరిపితే ట్రాక్టరు మీదికి పోతుంది. మన దగ్గర ట్రైలర్లలో ఎక్కువ వాటికి ఇరుసు ఎక్కడ బిగించారో అక్కడే ఉంటుంది. ఇక్కడి వాటికి జరిగే ఏర్పాటు ఉంది. అలా జరిగే జంట ఇరుసుని డ్రైవర్లు ‘టాండెమ్స్’ అంటారు. అవి జరిగే పట్టాకి వరసగా చిల్లులుంటాయి. చిల్లులు ఆరంగుళాలకొకటి ఉంటే చిల్లుకి సుమారు 400 పౌండ్లు, నాలుగంగుళాలకొకటి ఉంటే సుమారు 250 పౌండ్లు మారతాయని వాళ్ల నోటిలెక్క. ఇవి ఆరంగుళాల చిల్లులు. మూడు చిల్లులు ముందుకి జరిపితే చాలు.

చాలా గోడౌన్లలో లోడు ఎక్కించేటప్పుడు టాండెమ్స్ వెనక్కి జరిపి ఉంచమంటారు. ఫోర్క్‌లిఫ్టు ట్రైలర్లోకి దూసుకొచ్చినప్పుడు వెనక భాగం ఊగకుండా ఆనిక ఉండాలి కదా. అక్కడ వెనక్కి జరిపినవాడు బయటికొచ్చి బరువుకి తగ్గట్టు మళ్లీ జరపాలి. దింపేచోట ఇంకోసారి. టాండెమ్స్ జరపాలంటే లాగాల్సింది ఆ పిడినే. దాన్ని లాగడం డ్రైవరుకి ఏడాదికోసారి పడే అవసరం కాదు, రోజువారీ పని.

గడియ, తలుపు

ట్రైలర్ పెట్టె అడుగున రెండు పక్కలా పొడవునా చిల్లులున్న పట్టాలుంటాయి. ఇరుసులు, చక్రాలు, బ్రేకులు, స్ప్రింగులు కలిపి వేరే చట్రానికి బిగించి ఉంటాయి. ఆ చట్రం పట్టాల వెంట ముందుకీ వెనక్కీ జరుగుతుంది. దాన్ని ఒకచోట నిలిపి ఉంచేవి నాలుగు పిన్నులు, పక్కకి రెండు. పేరుకే పిన్నులు, ఒక్కోటి చిన్నపిల్లాడి మణికట్టంత లావుంటుంది. స్ప్రింగు బలంతో లోపలి నుంచి బయటికి పొడుచుకుని చిల్లుల్లో కూర్చుంటాయి. పిడిని లాగితే అడుగున ఒక కడ్డీ తిరిగి, దాని చేతులు నాలుగింటినీ లోపలికి లాక్కుంటాయి.

బండి రోడ్డు మీద ఉన్నంతసేపూ పెట్టెకీ చక్రాలకీ మధ్య తోపుడంతా పడేది వీటి మీదే. బ్రేకు వేస్తే చక్రాలు ఆగుతాయి, ఇరవై టన్నుల సరుకు మాత్రం ముందుకే తోస్తుంది. బండి ఆగాక కూడా ఆ ఒత్తిడి పూర్తిగా పోదు. నేల కాస్త వాలుగా ఉన్నా, ఆగేటప్పుడు చివర్లో చిన్న కుదుపు వచ్చినా, చిల్లు అంచు పిన్నుని ఒకవైపు నుంచి అదిమి పట్టుకునే ఉంటుంది. ఆ పట్టుని మనిషి చెయ్యి గెలవలేదు.

ఉబ్బిన తలుపుకి గడియ పట్టేస్తే మన ఇళ్లలో ఏం చేస్తాం? గడియని పీకుతూ కూర్చోం. తలుపుని భుజంతో ఒక్క నొక్కు నొక్కి, అదే క్షణంలో గడియ లాగుతాం. ఇక్కడ చేయాల్సిందీ అదే. తలుపు ఇరవై టన్నులది కాబట్టి భుజం బదులు ఇంజను కావాలి, అంతే తేడా.

అన్నయ్య క్యాబిన్ ఎక్కాడు. డ్యాష్‌బోర్డు మీద రెండు బటన్లు. నాలుగు మూలల పసుపు బటను బండి మొత్తానికి పార్కింగ్ బ్రేకు. ఎనిమిది మూలల ఎరుపు బటను ట్రైలరుకి గాలి పంపేది. ఎరుపుది బయటికి లాగాడు. బుస్సుమంది. గాలి తెగగానే ట్రైలరు చక్రాల్లోని స్ప్రింగు బ్రేకులు పట్టేస్తాయి. పసుపుది లోపలికే నొక్కి ఉంచాడు. ఇప్పుడు ట్రైలరు చక్రాలు కదలవు, ట్రాక్టరు మాత్రం పెట్టెని అటూ ఇటూ నెట్టగలదు. అంతకుముందే పిడిని లాగిన చోట బిగించి పట్టి ఉంచే చిన్న సాధనం ఒకటి తగిలించాడు. ఒంటరిగా తిరిగే డ్రైవర్లు కొనుక్కునేది. పిడి దగ్గర ఇంకో మనిషి నిలబడక్కర్లేదు. నన్ను దూరంగా, తనకి అద్దంలో కనపడేలా నిలబడమన్నాడు. ఒత్తిడి వదిలిన క్షణంలో ఆ పిడి ఎటు విసురుతుందో చెప్పలేం. మణికట్లు విరిగినవాళ్లున్నారు.

చిన్న గేరులో వెనక్కి, బొటనవేలంత. ఆగాడు. ముందుకి, అంతే. మళ్లీ వెనక్కి. ఇక్కడే కొత్తవాళ్లు తప్పు చేస్తారని తరవాత చెప్పాడు. కోపంతో క్లచ్చు వదిలి దడాలున గుద్దుతారు. అలా గుద్దితే పిన్ను ఒక అంచు నుంచి వదిలి రెండో అంచుకి ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. ఆ రెండు అంచులకీ మధ్య ఎక్కడో ఒకచోట పిన్ను మీద ఏ బరువూ ఉండదు. దాని మీదుగా మెల్లగా పోవాలి. పిడికి లాగుడు ముందే పెట్టి ఉంది కనక ఆ చోటు దాటుతుండగా పిన్ను తనంతట తనే లోపలికి జారుతుంది.

టక్. ఇంకోసారి టక్.

అన్నయ్య దిగొచ్చి టార్చి తీసుకుని కిందికి చూశాడు. మూడు లోపలికి పోయాయి. కుడివైపు వెనకది రాలేదు.

ఉప్పు తిన్న ఇనుము

పిడికి అన్నిటికంటే దూరంగా ఉండే పిన్నే మొండికేయడం మామూలు. లాగే కడ్డీల కీళ్లు అరిగేకొద్దీ పిడి దగ్గర అంగుళం లాగితే చివరికి చేరేది ముప్పావు అంగుళమే. పైగా ఈ ప్రాంతంలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, కాల్షియం క్లోరైడు, మెగ్నీషియం క్లోరైడు ద్రావణాలు కొడతారు. మంచు కరుగుతుంది, బండ్లు జారవు. ఆ నీళ్లన్నీ చక్రాలు చిమ్మేది సరిగ్గా ఈ పిన్నుల మీదికే. ఈ లవణాలు గాల్లో తేమని లాక్కుని ఇనుముని ఎప్పుడూ తడిగా ఉంచుతాయి. తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి, పిన్నుకీ దాని గూడుకీ మధ్య ఉన్న కాస్త ఖాళీని నింపేస్తుంది.

ఇలాంటప్పుడు ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు ఊపినా లాభం లేదు. ఇది బరువు పట్టు కాదు, తుప్పు పట్టు. ఏ పట్టో తేల్చుకోవడమే సగం పని. బండి ఊపుతున్నప్పుడు పిన్ను చివర కాస్తయినా కదులుతుంటే అది బరువు. అసలు చలనమే లేకపోతే తుప్పో మంచో. పిడి ఏ అడ్డూ లేకుండా వదులుగా బయటికి వచ్చేస్తే కడ్డీ విరిగిందనో కీలు ఊడిందనో అర్థం, ఇక మెకానిక్కుని పిలవాల్సిందే. ఎడమవి వదిలి కుడివి పట్టేస్తే బండి నిలిపిన నేల ఎగుడుదిగుడుగా ఉండి చట్రం మెలికపడి ఉండొచ్చు. చదునైన చోటికి తీసుకెళ్తే సగంసార్లు అక్కడికక్కడే తీరిపోతుంది. నేల మీద గడ్డ మంచు ఉంటే ఇంకో తిప్పలు. బ్రేకులు పట్టినా ట్రైలరు చక్రాలు జారిపోతాయి, పెట్టెతో పాటు ఇరుసులూ కదిలిపోతాయి, పిన్ను మీద ఒత్తిడి మారదు. చక్రాలకి అడ్డు దిమ్మలు పెట్టుకోవాలి. గాలితో పిన్నులు లాగే ట్రైలర్లలో పిడితో కుస్తీ ఉండదు గానీ, గాలి గొట్టం ఎక్కడైనా కారుతుంటే బటను నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. బరువు ఒత్తిడి మాత్రం వాటికీ తప్పదు.

మాది తుప్పు. అన్నయ్య సీటు కింద నుంచి నూనె డబ్బా తీశాడు. ప్రతి డ్రైవరు దగ్గరా కనపడే నీలం, పసుపు డబ్బా కాదు. ఆ డబ్ల్యూడీ-40ని 1953లో శాన్ డియేగోలో రాకెట్ల పైరేకుకి నీళ్లు అంటి తుప్పు పట్టకుండా చేయడానికి తయారుచేశారు. అది చెడ్డదని కాదు. తుప్పు సందుల్లోకి ఇంకడానికనే చేసిన నూనెలు వేరే ఉన్నాయి, పట్టేసిన ఇనుముకి అవి మేలు. పిన్ను మొదట్లోకి కొద్దిగా కొట్టి పది నిమిషాలు వదిలేశాడు. బ్రేకు వైపు ఒక్క చుక్క పోకుండా గుడ్డ అడ్డం పెట్టాడు. నూనె తగిలిన బ్రేకు పట్టదు.

ఆ పది నిమిషాలూ ఊరికే నిలబడ్డాం. పక్క బండి డ్రైవరొకామె వచ్చి ఏమైందని అడిగింది, చూసింది, తలాడించి వెళ్లి ఒక బరువైన సుత్తి తెచ్చి ఇచ్చింది. తన భుజం చూపించి, పోయిన ఏడాది ఇలాంటి పిడి దగ్గరే కండ పట్టేసి మూడు వారాలు పనికి పోలేదని చెప్పింది.

పిడి మీద లాగుడు అలాగే ఉంచి, పట్టా బయటికి కనపడే పిన్ను కొసని సుత్తితో లోపలికి కొట్టాలి. గట్టిగా ఒక దెబ్బ కాదు, వరసగా చిన్న దెబ్బలు. గట్టిగా బాదితే కొస పుట్టగొడుగులా పరుచుకుంటుంది, ఆ తరవాత అది ఏ చిల్లులోంచీ రాదు. కళ్లద్దాలు పెట్టుకునే కొట్టాలి, ఇనుప రవ్వలు లేస్తాయి. రాలేదని చిల్లులో వేలు పెట్టి తడిమి చూడకూడదు, ఎన్నడూ. ఏడో దెబ్బకో ఎనిమిదో దెబ్బకో ఎర్రటి పొడి రాలింది. అన్నయ్య మళ్లీ బండెక్కి ఒక్కసారి మెల్లగా ఊపాడు. టక్.

తరవాతి పని చిత్రంగా ఉంటుంది. ఇరుసులు ముందుకి రావాలంటే బండిని వెనక్కి నడపాలి. చక్రాలు నేలకి అతుక్కుని ఉంటే వాటి మీదుగా పెట్టె వెనక్కి జరుగుతుంది. మూడో చిల్లు దగ్గర అన్నయ్య ముందే సుద్దతో గీత గీసి ఉంచాడు. గీత దగ్గర ఆగి, పిడి వదిలేసి, అంగుళం అంగుళం కదిపాడు. పిన్నులు ఒక్కొక్కటే చిల్లుల్లోకి దూకాయి. దిగొచ్చి రెండు వైపులా తిరిగి నాలుగు కొసలూ టార్చి వేసి చూశాడు, చేత్తో తట్టాడు. మళ్లీ ఎక్కి, ట్రైలరు బ్రేకులు పట్టి ఉండగానే ముందుకి ఒకసారి లాగి చూశాడు.

పట్టేసిన పిన్ను డ్రైవరు టైము తింటుంది. పూర్తిగా కూర్చోని పిన్ను ప్రాణం తీస్తుంది. లోపలికి లాగిన పిన్ను తిరిగి చిల్లులో పడిందో లేదో చూడకుండా రోడ్డెక్కితే, మొదటి గట్టి బ్రేకుకి పెట్టె ఒకవైపు, ఇరుసులు ఒకవైపు అవుతాయి. అందుకే అమెరికా ఫెడరల్ నిబంధనల్లో 393.207 సెక్షను జరిగే ఇరుసులకు పిన్ను ఊడి ఉండకూడదని, చిల్లులో పడకుండా ఉండకూడదని విడిగా రాసింది. తీయడానికి ఇంత తంటాలు పడిన మనిషి, అలసటలో, చలిలో, ఆఖరి చూపు మానేసే ప్రమాదం ఎక్కువ. నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఇదే.

కాటా మీద మళ్లీ తూగాం. మధ్య అంకె 33,900. ట్రైలరుది 31,800. మొత్తం పనికి గంటా పది నిమిషాలు పట్టింది.

ఆ గంట ఎవరిది?

అన్నయ్యకి డబ్బులు మైలు లెక్కన. చక్రం తిరగని గంటకి పైసా రాదు. గడియారం మాత్రం ఆగదు. ఇక్కడి నిబంధనల ప్రకారం డ్రైవరు పని మొదలుపెట్టిన క్షణం నుంచి 14 గంటల్లోపే, అందులోనూ 11 గంటలే బండి నడపాలి. ఆ లెక్క బండిలో అమర్చిన పరికరమే రాస్తుంది. పిన్నుతో పోయిన గంట ఆ 14లోంచే పోయింది. జీతానికి పనిచేసే డ్రైవర్లకైనా ఓవర్‌టైం ఉంటుందా అంటే, రాష్ట్రాల మధ్య పెద్ద బండ్లు తోలేవాళ్లని 1938 నాటి కార్మిక చట్టమే ఆ హక్కు నుంచి తప్పించింది. ఇప్పటికీ ఆ మినహాయింపు అలాగే ఉంది.

మరి తుప్పు పట్టనిచ్చింది ఎవరు? ట్రైలరు కంపెనీదని మొదట్లో చెప్పాను. ఒక డ్రైవరు ఒకచోట వదిలేస్తాడు, ఇంకొకరు తగిలించుకుపోతారు. ఇవాళ లాగినవాడికి రేపు అది కనపడదు. నూనె వేసి, తుప్పు గీకి, అరిగిన కీలు మార్చే తీరిక ఎవరికీ ఉండదు. పదిమందిలో పాము చావదంటారు, ఇది అదే. సర్వీసుకి వచ్చినప్పుడు పిన్నులు లాగి చూడడానికి పావుగంట చాలు. ఆ పావుగంట కంపెనీ ఖర్చులో రాసుకోవాలి. చూడకుండా వదిలేస్తే పోయే గంట డ్రైవరు ఖాతాలో పడుతుంది. సుత్తి తెచ్చిచ్చిన ఆమె భుజం ఎవరి ఖాతాలో పడిందో నాకు వేరే చెప్పనక్కర్లేదు. ఇది మార్చడం కష్టం కూడా కాదు. ఇరుసులు జరిపిన టైముకీ కాటా టైముకీ కూలి కట్టివ్వమని కంపెనీని అడగాలి. ఇవ్వాల్సి వస్తే పిన్నుల బాగోగులు వాళ్లే చూసుకుంటారు. ఆ కోరికలో అత్యాశ ఏమీ లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

తెల్లవారింది. పడమటికి బయల్దేరాం. గంటలోపే ఒట్టావా అనే చిన్న ఊరు వచ్చింది. ఎడమ చేత్తో రోడ్డు చూపించి, “మన 34,000 లెక్క కథ చాలావరకు ఇక్కడిదేరా” అన్నాడు అన్నయ్య.

నిజమే. 1958 నుంచి 1960 దాకా ఈ ఊరి దగ్గర పరీక్ష కోసమనే రోడ్లు వేసి, వాటి మీద సైనికుల చేత రకరకాల బరువుల లారీలు రాత్రింబవళ్లు తిప్పించారు. ఎంత బరువుకి రోడ్డు ఎంత పాడవుతుందో కొలిచారు. తేలింది వింటే ఎవరికైనా గుండె ఆగినంత పనవుతుంది. ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకి నష్టం ఆ నిష్పత్తిలో కాదు, దాదాపు దాని నాలుగో ఘాతంలో పెరుగుతుంది. బరువు పది శాతం ఎక్కువైతే నష్టం 46 శాతం ఎక్కువ. పొద్దున మా ఇరుసు మీద ఎక్కువైంది మూడు శాతం చిల్లర, ఆ లెక్కన రోడ్డుకి పదమూడు శాతం పైన. ఆ పరీక్ష రోడ్డు తరవాత ఇంటర్‌స్టేట్ 80లోనే కలిసిపోయింది. మేం వెళ్తున్నది దాని మీదుగానే.

1956 హైవే చట్టంలో జంట ఇరుసు పరిమితి 32,000 పౌండ్లు ఉండేది. 1974 సవరణలో 34,000 చేశారు, దాంతో పాటు ఇరుసుల మధ్య దూరాన్ని కూడా లెక్కలోకి తెచ్చే సూత్రం పెట్టారు. బరువు ఒకేచోట గుమిగూడితే వంతెన తట్టుకోలేదు కనక. కొన్ని రాష్ట్రాలకి వాటి సొంత కొలతలూ ఉన్నాయి. కాలిఫోర్నియాలో అయితే ట్రైలరు ముందు తగిలించే కింగ్ పిన్ నుంచి చివరి ఇరుసు మధ్యకి 40 అడుగులు మించకూడదు. అక్కడికి వెళ్లే లోడుకి బరువూ పొడవూ రెండూ ఒకేసారి కుదరాలి. మన దేశంలో 2018 జులైలో జంట ఇరుసు పరిమితిని 19 టన్నుల నుంచి 21 టన్నులకి పెంచారు. ఇక్కడ అది పదిహేనున్నర కూడా లేదు. అన్నయ్య ఆ అంకె విని కాసేపు మాట్లాడలేదు. పెదనాన్న లారీ ఏ రోజు ఎంత మోసిందో తనకి తెలుసు.

మిసిసిపీ నది దాటి అయోవాలో అడుగుపెట్టాక వాల్‌కాట్ దగ్గర ఆగాం. ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రక్ స్టాప్‌నని చెప్పుకునే అయోవా 80 ఇక్కడే ఉంది. పొద్దున మేం తూగిన క్యాట్ స్కేల్ కాటాల సంస్థ 1977లో మొదలైందీ ఇక్కడే. వాళ్ల చీటీలో బరువు హద్దులోనే ఉండి కూడా పోలీసు కాటాలో జరిమానా పడితే, తేడా తమదైతే ఆ జరిమానా తామే కడతామని మాటిస్తారు. డ్రైవర్లు ఆ చీటీని చొక్కా జేబులో దాచుకునేది అందుకే.

అన్నయ్య అరగంట విరామం తీసుకున్నాడు. కాఫీ తాగుతూ ఫోన్లో ఆ రోజు తనిఖీ రిపోర్టు నింపాడు. లోపాల గడిలో ‘కుడి వెనక పిన్ను పట్టేస్తోంది, తుప్పు’ అని కొట్టాడు. డెన్వర్‌లో ఈ ట్రైలరుని వదిలేసి ఇంకోటి తగిలించుకోవాలి. ఇది ఎవరి చేతికి పోతుందో తెలియదు.

బయటికొచ్చాక నన్ను ఆగమని, సుద్దముక్క తీసుకుని ట్రైలరు కుడివైపుకి వెళ్లాడు. పట్టాని చేతిగుడ్డతో తుడిచి, ఆ నాలుగో పిన్ను పైన బాణం గుర్తు వేశాడు. దాని పక్కన పెద్ద అక్షరాలతో ఇంగ్లిషులో రెండు మాటలు రాశాడు: ముందు నూనె.